మనిషికొక చేప

శుక్రవారం పొద్దున బట్టలుతుక్కోవడం, తలకు నూనె పెట్టుకోవడం, ఇంటికి ఫోన్ చేయడం, ఈ మూడూ అయిపోతే క్యాంపులో ఇక చేయడానికేమీ ఉండదు. ఆ ఏడాది సౌదీలోని రాబిగ్ క్యాంపులో శుక్రవారానికీ మిగతా ఆరు రోజులకూ తేడా కూడా లేకుండా పోయింది. కంపెనీ ఎర్ర రంగులో పడింది. సరిపడా సౌదీవాళ్లను పనిలో పెట్టుకోని కంపెనీకి సర్కారు ఎర్ర రంగు వేస్తుంది. ఆ రంగు పడ్డాక అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇకామా, ఎవరిదీ కొత్తగా చేయరు. ఇకామా గడువు తీరిన మనిషి రోడ్డు మీద కనబడితే పోలీసుల బండెక్కాల్సిందే. అందుకని నిన్నమొన్నటిదాకా పైపుల తుప్పు గీకి రంగులేసిన మొనగాళ్లంతా మంచాల మీద కూర్చుని గోళ్లు గిల్లుకుంటున్నారు.

లక్ష్మణ్, భోజన్నలది ఒకే గది, ఒకే ఊరు కూడా. జగిత్యాల దాపున తిమ్మక్కపల్లె. భోజన్న పదేళ్లు పెద్ద. వచ్చి ఏడేళ్లయింది, ఒక్కసారీ తిరిగి పోలేదు. గదిలో వంట ఆయనదే, జోకులు ఆయనవే. ఎవరికైనా ఇంటి మీద బెంగ పడితే వీపు మీద ఒక్కటి చరిచి చాయ్ పోసిచ్చేదీ ఆయనే.

ప్రతి శుక్రవారం కొర్నేలు వచ్చి వాళ్లకు కూరగాయలు ఇచ్చి పోయేవాడు. అతను ఆసుపత్రిలో అంబులెన్స్ డ్రైవరు, భార్య లీల అక్కడే నర్సు. ఓ ఎండాకాలం భోజన్నకు వడదెబ్బ తగిలితే మోసుకుపోయింది ఈయన, సెలైన్ ఎక్కించింది ఆవిడ. అక్కడ మొదలైంది స్నేహం. వాళ్లది గోదారి సముద్రంలో కలిసే చోట పల్లె. కుటుంబాల మీద కూడా లెవీ, అంటే తలకింతని పన్ను, వస్తోందని తెలిసి, బడికి సెలవులిచ్చీ ఇవ్వకముందే కూతురు జాయ్సీని అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. అప్పటినుంచి కొర్నేలు శుక్రవారాలు ఇంట్లో ఉండలేకపోతున్నాడు.

ఆ రోజు వంకాయలు చుట్టుకొచ్చిన సూపర్ మార్కెట్ ఆఫర్ల కాగితాన్ని భోజన్న సాపు చేసి చూస్తున్నాడు.

"గీ గులాబీ రంగు చేపేంది కొర్నేలూ? కోసిపెట్టిన కర్బూజ తీరుగున్నది."

"సాల్మనండి. చల్లటి దేశాల్లో ఉంటదండి. నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టే వేళకి మళ్లీ పుట్టిన నదికే ఎదురీదుకుంటా పోతదంట. మా పులస లాగానే, ఆయ్."

"మరి దానికి ఎగ్జిట్ ముద్ర ఎవడు కొడ్తడు?" అన్నాడు భోజన్న. గదంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "మనం గూడ ఒక్కపారి సముద్రం మీదికి పోదాం. హాయిల్ పొయ్యేముందుగాల నా నాలుగు చేపలు సూస్కొని పోత" అన్నాడు.

లక్ష్మణ్ తాగుతున్న చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

రాబిగ్ సముద్రం సంగతి అక్కడ అందరికీ తెలిసిందే. ఇల్లు విడిచి వచ్చినవాడు పడవ మీద నిలబడి, తన ఊరి పేరు చెప్పి గాలం వేస్తే, ఇంటి దగ్గర ఎంతమంది ఉంటే అన్ని చేపలు పడతాయి. అంతకు మించి ఎన్ని గంటలు కూర్చున్నా దారం కదలదు. ఒక పాకిస్తానీ మేస్త్రీకి పద్నాలుగు పడితే ఐసు పెట్టె చాలక నెత్తి రుమాలులో మూట కట్టుకున్నాడు. ఫిలిప్పీన్స్ నర్సు ఒకామెకు ఒకటి ఎక్కువ పడింది. చెల్లెలు అత్తవారింట్లో అలిగి పుట్టింటికి వచ్చేసిందని ఆవిడకు అప్పుడే తెలిసింది. లెక్క తక్కువ వచ్చినవాడు మాత్రం పడవ దిగి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోతాడు. ఎందుకని అడిగే అలవాటు ఎవరికీ లేదు. పడవవాళ్లు కూడా ముందే ఇంట్లో ఎంతమందని అడిగి దాన్నిబట్టి ఐసు కొంటారు.

భోజన్న లెక్క నాలుగు. భార్య ఊర్మిల, కొడుకు సాయికుమార్, కూతురు కావ్య, అక్క ముత్తవ్వ. తల్లి పోయాక రెండేళ్ల భోజన్నను చంకనేసుకుని, బీడీలు చుట్టి సాకింది ముత్తవ్వే. పెళ్లైన ఏడాదికే మొగుడు పోతే తమ్ముడి ఇంటికొచ్చి ఉండిపోయింది. ఆమెకు చెవుడు. ఫోన్ చెవికి పెట్టినా లాభం లేదు, ఊర్మిలది మొహం కనబడే ఫోను కాదు. అందుకని ఏడేళ్లుగా భోజన్న అక్కతో ఒక్క మాట మాట్లాడలేదు. చెవుల మిషన్ తెచ్చి పెడతానని, తమ్ముడి గొంతు విందువుగాని అని, వచ్చేనాడు చేతులతో సైగలు చేసి మాట ఇచ్చాడు. ఇప్పుడు సర్కారు మూడు నెలల మాఫీ ప్రకటించింది. ఇకామా లేనివాళ్లు జైలూ జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చు. క్యాంపు సగం ఖాళీ అయింది. భోజన్న మాత్రం వినలేదు. "మిషన్ లేకుండ అక్క ముందట ఎట్ల నిలవడుత?" అంటాడు. హాయిల్‌లో టమాట తోటలున్నాయని, కాయితాలు అడగకుండా పని ఇస్తారని ఎవరో చెప్పారు. దొంగచాటుగా అక్కడికి పోయేందుకు మనసు ఖాయం చేసుకున్నాడు. దొరికితే జైలు. దొరక్కపోతే ఎన్నేళ్లకు బయటపడతాడో ఆ దేవుడికే తెలియాలి.

ముత్తవ్వ చనిపోయి అప్పటికి మూడు నెలలు.

ఆ సంగతి లక్ష్మణ్‌కు తెలుసు. అతని భార్య సృజన ఫోన్ చేసి చెప్పింది. వెంటనే ఊర్మిల ఫోన్ అందుకుని ఏడ్చింది. "అన్నా, గాయనకు చెప్పకుండ్రి. ఇకామా లేదు, కంపెనీ పంపది. మట్టి వెయ్యనీకి గూడ రాలేడు. గా గదిల ఒక్కడే కూసోని ఏడుస్తడు. అచ్చినంక నేనే చెప్త." అప్పుడు అది న్యాయమే అనిపించింది. తీరా మాఫీ వచ్చి దారి తెరుచుకున్నాక, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తెలియక లక్ష్మణ్ నోరు పెగల్లేదు. వాయిదా వేసినకొద్దీ అబద్ధం బరువెక్కుతుందని అతనికి ఆలస్యంగా తెలిసింది. ఎన్నోసార్లు గొంతుదాకా వచ్చింది. ఆ సమయానికే భోజన్న ఏదో జోకేసేవాడు.

అందుకని షికారు ఏర్పాట్లన్నీ లక్ష్మణ్ తన నెత్తినేసుకున్నాడు. ఎంత బాగా ఏర్పాటు చేశాడంటే రెండు వారాలు కదలనే లేదు. మొదటి శుక్రవారం గాలి ఎక్కువుందన్నాడు. ఉంది కూడా, కాకపోతే మరీ అంత కాదు. రెండో శుక్రవారం ఎరకని కొన్న రొయ్యల్ని ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టి మరిచిపోయినట్టు నటించాడు. గదంతా కంపు కొట్టి నలుగురూ నాలుగు తిట్లు తిట్టారు. ఆఖరి అస్త్రంగా, "రేవు కాడ ఇకామా సూడంది పడవ ఎక్కనియ్యరన్నా. పోయి పోయి వాళ్ల చేతుల పడుదమా?" అన్నాడు.

"మాఫీలో ఎవరినీ పట్టుకోవట్లేదండి. రేవు పోస్టులో సిపాయి అబ్దుల్ వహాబ్ మా ఆసుపత్రికొచ్చే మనిషే. నేను మాట్లాడతానండి" అన్నాడు కొర్నేలు హుషారుగా.

లక్ష్మణ్ అతన్ని పక్కకు తీసుకుపోయి ఉన్నదంతా చెప్పేశాడు. గాలాలకు ముడులేస్తున్న కొర్నేలు చేతులు ఆగిపోయాయి.

"మీరు చెప్పెయ్యండి లక్ష్మణ్ గారూ."

"నాతోటి కాదు."

"అయితే సముద్రమే చెప్తదండి. నేను పుట్టింది దాని ఒడ్డున. మనం ఆపితే ఆగేది కాదు. పక్కన మనిషి ఉన్నప్పుడు తెలిస్తే మంచిది కదండీ. హాయిల్‌లో ఎవరుంటారు ఆయనకి?"

మూడో శుక్రవారం ఖాయమైంది. లీల వాంతుల మాత్రలు పంపింది. కొర్నేలు దారాలు, సీసపు గుళ్లు, కొత్త రొయ్యలు తెచ్చాడు. భోజన్న చింతపండు నానబెట్టి, మసాలా నూరి, డబ్బాలో పెట్టి, పెళ్లికి పోతున్నవాడిలా గడ్డం గీసుకున్నాడు.

తెల్లవారాక రేవుకు చేరారు. పడవ అల్లాబకాష్‌ది, అంటే నడిపేది అతను. కడప జిల్లా మనిషి, ఇరవై ఏళ్లుగా ఆ నీళ్లలోనే ఉన్నాడు. సిపాయి అబ్దుల్ వహాబ్ కాయితం మీద పేర్లు రాసుకుంటూ భోజన్న ఇకామాను తిప్పి తిప్పి చూసి, "ఖలాస్" అని పెదవి విరిచాడు. తర్వాత ఎందుకో కార్డు తిరిగిచ్చేసి, ఇంట్లో ఎంతమంది అని వేళ్లతో అడిగాడు.

భోజన్న నాలుగు వేళ్లు చూపించాడు. సిపాయి పేరు పక్కన నాలుగు అని రాసుకుని, పొమ్మని చేయి ఊపాడు. ఆ నాలుగు వేళ్ల వంక లక్ష్మణ్ చూడలేకపోయాడు.

"ఇంట్లో మీకెంతమంది ఉండారప్పా?" అల్లాబకాష్ ఐసు కోసం అడిగాడు.

"నాకు ఇద్దరండి, మా అమ్మాయి, మా అత్తగారు" అన్నాడు కొర్నేలు.

"ముగ్గురు" అన్నాడు లక్ష్మణ్. సృజన, పదేళ్ల కొడుకు, ఆరేళ్ల కూతురు.

రిఫైనరీ గొట్టాలు వెనకబడి, నీళ్ల రంగు ఆకుపచ్చ నుంచి ముదురు నీలానికి మారినచోట పడవ ఆపారు. ఎవరి ఊరి పేరు వాళ్లు చెప్పుకుని గాలాలు వేశారు. కొర్నేలుకు పావుగంటలో రెండూ పడ్డాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, చుక్కలున్న ఎర్ర చేపలు. చిన్నదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు. దారం చుట్టేసి, ఇక మీ వంతన్నట్టు వెనక్కి జరిగి ప్రార్థన చేసుకున్నాడు.

భోజన్నకు మొదటిది పడింది. "సాయిగాడు! సూడు ఎట్ల ఎగురుతున్నడో." రెండోది నెమ్మదిగా వచ్చింది. "ఊర్మిల. గుంజినా రాదు, దానికి అన్నిటికీ ఇగురమే, తొందరపడది." మూడోది పడ్డప్పుడు, "కావ్య బిడ్డా" అని ముద్దు పెట్టుకున్నాడు కూడా.

ఇక దారం కదల్లేదు.

ఎండ నెత్తికెక్కింది. భోజన్న ఎర మార్చాడు, పక్క మార్చాడు, ఊరి పేరు మళ్లీ చెప్పాడు. "అక్కకు ఇనవడది గదా, జర గట్టిగ చెప్పాలె" అని నవ్వి, నోటి దగ్గర చేయి పెట్టుకుని "తిమ్మక్కపల్లే!" అని నీళ్లలోకి అరిచాడు. లక్ష్మణ్‌కు ఏడుపు ఆగలేదు. మొహం తిప్పుకుని ఉప్పునీళ్లు చల్లుకున్నాడు. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంటూ ఆయన భుజం మీద చేయి వేశాడు. "అన్నా, అక్క..."

దారం బిగిసింది.

భోజన్న చేతుల్లోంచి జారబోయినంత గట్టిగా లాగింది. కొర్నేలు లేచి నిలబడ్డాడు. నలుగురూ చూస్తుండగా నాలుగో చేప పైకొచ్చింది, మిగతా మూడింటి కంటే పెద్దది, బలమైనది. భోజన్న దాన్ని గుండెకు ఆనించుకున్నాడు. అంగీ అంతా తడిసింది. "అక్కా" అన్నాడు, అంతే, ఇంకేమీ అనలేదు. అల్లాబకాష్ తనకు తెలిసిన లెక్కే గనక ఐసు తెచ్చి పోశాడు. కొర్నేలు, లక్ష్మణ్ ఒకరినొకరు చూసుకున్నారు.

ఊర్మిల అబద్ధమాడిందా? సృజన పొరబడిందా? ముత్తవ్వ దినాలకు వెళ్లి అన్నం తిని వచ్చానని కూడా సృజన చెప్పిందే. ఈ తికమకలో లక్ష్మణ్ తన దారం సంగతి మరిచిపోయాడు. అప్పటికి అతనికి రెండు పడ్డాయి. ఇంకొకటి పడితే పోవచ్చని అందరూ కూర్చున్నారు. గంట గడిచింది. రెండో గంటలో సగం గడిచింది. తెచ్చిన రొయ్యలు అయిపోయాయి.

"గాలి మారుతాంది. ఇంగ పోదామప్పా" అన్నాడు అల్లాబకాష్ అతని వైపు చూడకుండా.

ఒడ్డుకు చేరీ చేరకముందే లక్ష్మణ్ ఫోన్ తీశాడు. సిగ్నల్ దొరికేదాకా ప్రాణం ప్రాణంలో లేదు. సృజన రెండో రింగుకే ఎత్తింది. అందరూ బాగున్నారు. కొడుకు ఫోన్ లాక్కుని సైకిల్ సంగతి చెప్పి, "ఎప్పుడస్తవ్ డాడీ" అన్నాడు. కూతురు తన పన్నూడిందని, నువ్వొచ్చేదాకా డబ్బీలో దాచానని చెప్పింది. మళ్లీ సృజన మాట్లాడింది. మోటారు బాగు చేయించిందట. పిల్లల్ని కొత్త బడిలో వేసిందట. గోడకు సున్నం వేయించిందట. ఏ పనికీ అతని సలహా అవసరం పడలేదు, ఏ మాటలోనూ కోపం లేదు. "సరే, పైలం" అని పెట్టేసింది.

లక్ష్మణ్ ఇసుకలో అలాగే నిలబడిపోయాడు. మునుపు సృజన ఫోన్ పెట్టేముందు ప్రతిసారీ ఎప్పుడస్తవని అడిగేది. అతనేమో ఈ దసరాకు, ఈ ఎండాకాలానికి అంటూ నెట్టుకొచ్చేవాడు. అడగడం ఎప్పుడు మానేసిందో అతనికి గుర్తు లేదు. ఆర్నెల్లయిందా, ఏడాదైందా? మానేసిన సంగతే అతను గమనించలేదు. వేరే ఏ తప్పూ లేదు ఆమెది. ఎదురుచూసి చూసి అలిసిపోయి, తన పనులు తాను చూసుకుంటోంది.

సముద్రం లెక్కపెట్టేది ఇంట్లో ఉన్నవాళ్లను కాదు, ఎదురుచూసేవాళ్లను.

క్యాంపులో భోజన్న పులుసు పెట్టాడు. ఎవరి చేపల్ని వాళ్లు తమవాళ్ల పేరు చెప్పుకుని తినడం ఆనవాయితీ. మూడు చేపలు పులుసులో ఉడుకుతున్నాయి. నాలుగోదానికి ఉప్పు పట్టించి, తాడుకు గుచ్చి, కిటికీ దగ్గర కడుతున్నాడు.

"దీన్ని ఎండవెట్టుకొని హాయిల్ తీస్కపోత. అక్క నాతోటే ఉన్నట్టుంటది."

"అన్నా" అన్నాడు లక్ష్మణ్. ఈసారి ఆగలేదు. "ముత్తవ్వక్క లేదే. మాఘమాసంల పోయింది. నీకు చెప్పలే. నన్ను కొట్టు, తిట్టు, ఏమన్న చెయ్యి."

భోజన్న తాడు ముడి పూర్తిగా వేశాడు. కిందికి దిగి మంచం మీద కూర్చున్నాడు. పులుసు మాడుతుంటే కొర్నేలు వెళ్లి స్టవ్ ఆర్పాడు. చాలాసేపటికి భోజన్న చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరికి బెంగ పడ్డా వీపు చరిచే మనిషి వీపు ఎలా చరచాలో గదిలో ఒక్కరికీ తెలియలేదు.

"మరి నాలుగోది ఎట్ల పడ్డది?" అన్నాడు చివరికి.

"ఇంక సూస్తనే ఉన్నదన్నా. పోయినంక గూడ నీ కోసం సూస్తనే ఉన్నది." లక్ష్మణ్ కాసేపాగి, "నాకు రెండే పడ్డయ్. మా ఇంట్ల అందరు బతికే ఉన్నరు" అన్నాడు.

భోజన్న తలెత్తి అతన్ని చూశాడు. అర్థమైంది. తన కన్నీళ్లు కొంగుతో తుడిచే అక్క లేదు గనక అంగీతోనే మొహం తుడుచుకుని, లక్ష్మణ్ చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మిషన్ కోసం సూసిందనుకున్న తమ్మీ, ఇన్నేండ్లు. అది నా కోసం సూసింది." కిటికీ దగ్గరి చేప వంక చూశాడు. "పోదాం పా. ఇంక నిలవెట్టద్దు దాన్ని."

ఆదివారం పొద్దున జెద్దాలోని పాస్‌పోర్టుల ఆఫీసు, జవాజాత్ ముందు మాఫీ లైను వీధి మలుపు దాటి ఉంది. కొర్నేలు వాళ్లను కారులో దింపి, ఆసుపత్రి డ్యూటీకి పరిగెత్తాడు. రియాద్‌లో పచ్చరంగు కంపెనీ ఒకటి లక్ష్మణ్‌ను తీసుకుంటానని కాయితాలు పంపింది. అవి అతని సంచీలోనే ఉన్నాయి, సంతకం చేయలేదు. ముందు భోజన్న, వెనక అతను నిలబడ్డారు. భోజన్న వేలిముద్రలు ఇచ్చి, సిరా అంటిన వేళ్లను చూసుకుంటూ గోడ పక్కన కూలబడ్డాడు. తన వంతు దగ్గరపడుతుంటే లక్ష్మణ్ ఇంటికి ఫోన్ చేశాడు.

"అస్తున్న" అన్నాడు.

"ఎందుకు? ఏమైంది?" సృజన గొంతులో కంగారు. "పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్న. ఊకెనే అస్తున్న. ఇగ మల్ల పోను."

అవతల నుంచి మాట లేదు. పెట్టేసిందేమో అనుకుని ఫోన్ చెవి నుంచి తీసి చూశాడు. పెట్టలేదు. ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు, కూతురు ఎవరే అమ్మా అని అడగడం వినిపించాయి. లైను ముందుకు కదిలింది. ఏం చెప్పాలో, ఎన్నేళ్లకు క్షమాపణ అడగాలో అతనికి తోచలేదు, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఏ దినమస్తవ్?" అని అడిగింది సృజన.

"కాయితం చేతికి రాంగనే చెప్త" అన్నాడు లక్ష్మణ్. వెనకున్న మనిషి జరగమని భుజం తట్టాడు.